మేకుల దారి

"దారి నిండా మేకులే!" అని అరిచాడు కాంట్రాక్టర్ దేవేందర్.

చాయ్ కాస్తున్న దుర్గాబాయికి 'మేకలే' అని వినపడింది. కట్టె పట్టుకుని తోలడానికి ఉరికింది.

తోలడానికి మేకల్లేవు. కదలడానికి ట్రాక్టర్ టైరులో గాలీ లేదు.

దూలపల్లిలో ప్లాట్లు ఇళ్లవుతున్న రోజులవి. దేవేందర్ సైటులోని ఇటుక ముక్కలు, పెచ్చులు, మేకులు దిగిన సెంట్రింగ్ చెక్కలు, అన్నీ ఆ మట్టిదారి గుంతల్లోకే పోయేవి. అతనికి చెత్త వదిలింది, ఊరికి రోడ్డు దొరికింది. సర్పంచ్ శాలువా కూడా కప్పాడు.

మలుపులో లక్ష్మణ్ పంక్చర్ షెడ్డు. ఎక్కడి నుంచో వచ్చినవాడు. అతని దగ్గర గాలి ఉచితం. ఊళ్లో గాలివార్తలూ ఉచితమే.

"తెల్లారంగ సైకిలెనుక తాడు కట్టి తిరుగుతడు పటేలా," అన్నాడు డ్రైవర్ వీరయ్య. "తాడు కొసకు అన్ని మేకులే. కండ్లార జూసిన."

"గాలి కొట్టెటోడే గాలి తీస్తున్నడన్నట్టు!" అన్నాడు దేవేందర్.

అందరూ షెడ్డు మీదికి పోయారు.

"నేను సల్లుతలేను సార్," అన్నాడు లక్ష్మణ్. "ఏరుతున్న."

ఒకటే నవ్వులు.

"మేకులేరితే నీకు బేరమెట్లయితదిరా? ఇగ సామాను సదురు!" అన్నాడు దేవేందర్.

వీరయ్య ఆ తాడు లాక్కుని షెడ్డు వెనక్కి విసిరేశాడు.

లక్ష్మణ్ పంపు సైకిల్‌కు కట్టుకుని మేడ్చల్ వైపు వెళ్లిపోయాడు. ఎవరూ ఆపలేదు.

వారం తిరక్కుండా వీరయ్య బిడ్డ తృప్తి కుంటుకుంటూ బడి నుంచి వచ్చింది. పాదంలో మేకు. వెనకే మరో ఇద్దరు పిల్లలు, అదే నడక.

"వాడే! దొంగసాటుగ అచ్చి సల్లిపోతున్నడు," అన్నాడు దేవేందర్.

దుర్గాబాయి షెడ్డు వెనక్కి పోయి ఆ తాడు తెచ్చింది. దాని కొసకు పాత రేడియో స్పీకర్‌లోని అయస్కాంతం. దారి పక్కన రెండడుగులు లాగింది. టపటపా మేకులు అంటుకున్నాయి. ఒకదానికి సెంట్రింగ్ చెక్క ముక్క ఇంకా వేలాడుతోంది.

"నీదే గద పటేలా?"

దేవేందర్ చెక్క వైపు చూసి, తల తిప్పుకున్నాడు.

వీరయ్య మాత్రం బిడ్డ కాలు పట్టుకుని, అందరికీ వినపడేలా అన్నాడు:

"టైర్లు పోయే జాడల్ల లక్ష్మణ్ ఒక్కనాడు తాడు గుంజంగ సూడలే... బడి పోరగాళ్లు ఒట్టికాళ్లతోటి నడిచే అంచుపొంటే గుంజిండు."