ఎర్ర కార్డు

"నీ రాణి గోదాట్లో మునిగిపోతంది. పాచిక వెయ్యి," అన్నాడు బల్ల దగ్గర, తలో పాత్రా తీసుకుని పాచికలతో ఆడే కథాటను నడిపిస్తున్న మణిదీప్.

జాస్మిన్ పాచిక ముట్టుకోలేదు. "నీళ్ళల్లో చావులొద్దని ముందే చెప్పేను కదరా."

చేపల వేటకెళ్ళి మునిగిపోయిన జాస్మిన్ వాళ్ళ నాన్న శవం కూడా దొరకలేదని అతడికి తెలుసు.

"దెయ్యాల కథన్నాక చావులుండవా? భయమైతే ఇంటికి పో."

ఒళ్ళు మండి ఆమె అతడి టీ గ్లాసు పక్కకు తీసింది. దాని కింద ఎర్ర కార్డుంది. ఎవరు దాన్ని ముట్టుకున్నా కథ అక్కడే ఆపాలని మొదటిరోజు నియమం పెట్టింది అతడే. ఆమె కార్డు మీద వేలు పెట్టింది.

"నీ ఒక్కదాని కోసం అందరి ఆటా పాడవ్వాలా? నువ్వు చెప్పరా స్టీఫెనూ!"

స్టీఫెన్ తన వేలు కూడా తెచ్చి కార్డు మీద ఆనించాడు.

"పోయినవారం నా సైనికుడి చేత సొంత తమ్ముణ్ణి చంపించేవు," అన్నాడు. "నేను వద్దంటానే ఉన్నాను. అప్పుడూ నీ గ్లాసు దీనిమీదే ఉంది."