దారి చెప్పిన మనిషి

ఫోను మోగీ మోగకముందే సిరీన్ అందుకుంది. కరెంటు పోయి కింద జనరేటర్ రొద పెడుతోంది. రెండో చెవి మూసుకుని విన్నది.

“ఆ అమ్మాయే అక్కా,” అంది రిసీవర్‌కు చెయ్యి అడ్డం పెట్టి. “మొన్న ఏడుస్తూ పెట్టేసిందే, ఆ అమ్మాయి. పక్కింటామె ఫోను నుంచి చేస్తోంది. ఇవాళ వచ్చేస్తానంటోంది.”

నహ్లా కాఫీ కప్పు పక్కన పెట్టి కుర్చీ దగ్గరకు లాక్కుంది.

బీరూట్‌లో ఆ గది సంగతి తెలిసినవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. తలుపు మీద కుట్టుపని నేర్పే బడి అని బోర్డు. ఆడవాళ్లను ప్రేమించి, ఆ ప్రేమించిన చేతుల్లోనే దెబ్బలు తినే ఆడవాళ్లు అక్కడికి ఫోను చేస్తారు. మొగుడు కొడితే చెప్పుకోవడానికి అమ్మ ఉంటుంది, అక్క ఉంటుంది. వీళ్లు ఎవరితో చెప్పుకుంటారు? అందుకే అక్కడ పనిచేసేవాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లో మనిషికి కూడా ఈ పని సంగతి తెలియకూడదు. సిరీన్ తల్లికి చెప్పలేదు. నహ్లా తనతో ఉండే అమ్మాయికి చెప్పలేదు. లెక్కల ట్యూషన్లని చెప్పి వస్తుంది.

సిరీన్ కొత్తగా చేరింది. కానీ ఫోను చేసే అమ్మాయికి ఆమె గొంతే అలవాటైంది. ఇంకెవరితోనూ మాట్లాడదు. తన పేరు చెప్పదు, పేట చెప్పదు. అందుకని నహ్లా పక్కన కూర్చుని చెబుతుంటే సిరీన్ ఫోన్లో అంటుంది.

“ఎక్కడ కొట్టిందట?”

“భుజం మీద. చెయ్యి పైకి లేవడం లేదట.”

“ముఖం మీద కొట్టదులే. బట్టలు కప్పే చోటే కొడుతుంది.”

సిరీన్ ఫోన్లో అడిగి కళ్లు పెద్దవి చేసింది. “అవునట!”

“తర్వాత కాళ్లు పట్టుకుని ఏడ్చిందా?”

“ఏడ్చిందట. తనే కూర్చోబెట్టి నూనె రాసిందట. ‘నా చేత ఇలాంటి పనులు నువ్వే చేయిస్తావు’ అందట.”

“అంటుంది,” అంది నహ్లా.

“పోలీసుల దగ్గరికి పోనా అంటోంది.”

“వద్దను. ‘మీరిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?’ అని ముందు అడుగుతారు. నిజం చెబితే లోపల వేసేది ఈ పిల్లనే.”

“వెళ్లిపోతే వాళ్ల నాన్నకు ఫొటోలు పంపుతానని బెదిరించిందట అక్కా. ఆయన చూస్తే చంపేస్తాడట.”

“పంపదు. పంపితే తనూ బయటపడుతుంది. ఆ కత్తికి ఒరలో ఉన్నంతసేపే పదును.”

నహ్లా గొంతులో తడబాటు లేదు. “ఆవిడ పనికి పోయే ఉంటుంది కదా, ఇప్పుడే కదలమను. గుర్తింపు కార్డు, మందులు, ఒక జత బట్టలు చాలు. సంచీ మంచి చేత్తో పట్టుకోమను. తన ఫోను మాత్రం ఇంట్లోనే వదిలి రమ్మను.”

“ఫోనెందుకు వదలడం?”

“ఎక్కడుందో ఆవిడకు తెలిసిపోతుంది. ఆ ఏర్పాటు చేసుకోకుండా ఉండదు.”

బుర్జ్ హమ్మూద్ వంతెన కింద, రొట్టెల కొట్టు ముందు నిలబడమని చెప్పి సిరీన్ ఫోను పెట్టేసింది. కాసేపు నహ్లానే చూస్తూ కూర్చుంది.

“దగ్గరుండి చూసినట్టు చెబుతావు అక్కా. నీకూ... జరిగిందా?”

“అలాంటి కొంపలోనే ఉన్నాను.”

“ఎన్నాళ్లు?”

“ఆ జాలి చూపులు చాల్లే. నీ కాఫీ తాగి బతికి బట్టకట్టానంటే దేన్నయినా తట్టుకోగలను.”

సిరీన్ నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు ఊళ్లో ఆందోళనకారులు టైర్లు తగలబెట్టి రోడ్లు మూసేశారు. ఇలా వచ్చేసేవాళ్లను ఎక్కించుకొచ్చే డ్రైవరు అవతల చిక్కుకుపోయాడు. ఆ పిల్లను వీధిలో ఎంతసేపని నిలబెడతారు?

“నేను నడుపుతాను, పద,” అంది నహ్లా, ఆఫీసు పాత కారు తాళాలు తీసుకుని. మెట్ల మీద ఒకసారి ఆగి తన ఫోను తీసి చూసుకుంది. స్థిమితపడి జేబులో వేసుకుంది.

సందులు తిరిగి తిరిగి పోవాల్సి వచ్చింది. సిరీన్‌కు కోపం ఆగడం లేదు.

“ఆ రాక్షసి సాయంత్రం ఇంటికొచ్చి, ఖాళీ ఇల్లు చూసి ఏం చేస్తుందో!”

“ఏడుస్తుంది.”

“దానికి ఏడుపు కూడానా?”

“ప్రేమ లేక కొట్టిందనుకుంటున్నావా?”

“ఆ ప్రేమ తగలెయ్య!”

నహ్లా గేరు మార్చింది.

వంతెన కింద కారు ఆపే చోటు లేదు. సిరీన్‌ను దించేసి నహ్లా ఒక చుట్టు తిరిగి వచ్చింది. అప్పటికి కొట్టు ముందు ఒక అమ్మాయి సిరీన్ భుజం మీద తల ఆన్చి వెక్కి వెక్కి ఏడుస్తోంది. తలకు స్కార్ఫ్ చుట్టుకుంది. ఎడమ చెయ్యి కోటు జేబులో దోపుకుంది. రొట్టెలకు వచ్చినవాళ్లు చూసీ చూడనట్టు తప్పుకుపోతున్నారు.

“అయిపోయింది బంగారం, ఇక నీకే భయమూ లేదు,” అంటోంది సిరీన్. “అదిగో కారు. నడిపేది మా పెద్దక్క. ఇన్నాళ్లూ నీకు దారి చెప్పిందంతా ఆవిడే. మెల్లగా ఎక్కు.”

వెనక తలుపు తీద్దామని నహ్లా దిగింది.

అమ్మాయి తలెత్తింది. సంచీ చేజారి రోడ్డు మీద పడింది. గబుక్కున సిరీన్ వెనక్కి నక్కి, బాగున్న చేత్తో ఆమె చొక్కా గుప్పిట పట్టింది.

“సిరీన్, నేను పారిపోతున్నది ఈవిడ దగ్గర్నుంచే.”