వాయిదా పడిన కబురు

“కబురు దానంతటదే వెళ్ళిపోతుందా? మనం ఆపలేమా?” గుమాస్తా ఈ ప్రశ్న అడగడం ఆ పూట మూడోసారి.

“ఆపడమెందుకండీ? మా సాఫ్ట్‌వేర్ గొప్పే అది!” అన్నాడు అమ్మడానికొచ్చిన కంపెనీ మనిషి. “కేసులో ఏం జరిగినా క్షణంలో పార్టీకి తెలిసిపోతుంది. చదవలేనివాళ్ళకయితే ఫోను చేసి నోటితో చెబుతుంది.”

తండ్రి పోయాక ఆర్నెల్ల కిందటే ఆఫీసు చిన్న లాయరు చేతికొచ్చింది. ఇరవై ఏళ్ళ ఫైళ్ళు బీరువాల్లో, అటక మీద, ఆఖరికి వాష్‌బేసిన్ కింద కూడా ఉన్నాయి. ఏది ఎక్కడుందో గుమాస్తా ఒక్కడికే తెలుసు. ప్రతిదానికీ ఆయన్ని అడగాల్సి రావడం చిన్న లాయరుకి నామోషీగా ఉంది. అందుకే ఈ సాఫ్ట్‌వేర్ల బేరం.

“మొదట వచ్చిన కంపెనీదే నయం సార్. తేదీలు గుర్తుచేసి ఊరుకుంటుంది,” అన్నాడు గుమాస్తా.

“ఊరుకోవడానికి మీరున్నారుగా, ఇంకొకటెందుకు?” చిన్న లాయరు నవ్వాడు. “మీ ఉద్యోగానికేం ఢోకా లేదు, కంగారుపడకండి.”

కంపెనీ మనిషి వైర్లు తగిలించుకుంటూ ఉంటే టైపిస్టు గుమాస్తాని కిటికీ దగ్గరికి పిలిచింది.

“నిజం చెప్పండి బాబాయ్, మీ భయం దేనికి?”

గుమాస్తా చిన్న లాయరు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు.

“రెండువందల పన్నెండో ఫైలమ్మా. హత్య కేసు. పెద్ద లాయరుగారు అప్పీలు వేశారు. అది విచారణకి రాకముందే ఖైదీ జబ్బుచేసి జైల్లోనే పోయాడు. రెండేళ్ళయింది.”

“అయ్యో! మరి భయమెందుకు?”

“వాళ్ళమ్మకి చెప్పలేదు. చూపు లేదు, మంచం దిగలేదు. కేసు ఏమయిందని రోజూ అడుగుతుంది. వాయిదా పడిందంటాను. ఆ మాట వింటేనే ఆవిడకి ముద్ద దిగుతుంది. నిజం చెబితే ఆ పూటే పోతుంది.”

“రెండేళ్ళుగా ఇదే మాటా! ఎవరి కోసమో మీకెందుకు బాబాయ్ ఈ బరువు? ఆ ఫైల్లో ఆవిడ నంబరు తీసేసి మీది వేసెయ్యండి, పీడా పోతుంది.”

“అదే అనుకున్నా. నేనే కంప్యూటర్లో ఎక్కిద్దామని ఆ ఒక్కటీ విడిగా తీసి బల్ల మీద పెట్టుకున్నా.”

ఆ మాట ఒకరితో అనేసరికి గుమాస్తాకి గుండె కాస్త తేలికపడింది. టైపిస్టు టీ పెట్టడానికి వెళ్ళింది. ఆయన వెళ్ళి మొహం కడుక్కున్నాడు.

తిరిగొచ్చేసరికి ఆయన బల్ల ఖాళీగా ఉంది. కంపెనీ మనిషి పరీక్షకి పాత ఫైలొకటి అడిగాడట. బీరువా తీయడానికి బద్ధకించి, విడిగా కనబడిన దాన్నే చిన్న లాయరు అందించాడు.

“చూశారా సార్? ఫొటోలు తీస్తే చాలు, కాగితాలన్నీ అదే చదువుకుంది. ఖైదీ మృతి, అప్పీలు ముగింపు. కబురు చేరాల్సింది ఖైదీ తల్లికి. ఫోను నంబరు కూడా కాగితాల్లోంచే పట్టేసింది.”

“ఆపండి!”

చిన్న లాయరు ఉలిక్కిపడ్డాడు. గుమాస్తా గొంతు పెంచగా అతనెప్పుడూ వినలేదు.

“ఇంకేం ఆపుతారండీ, వెళ్ళిపోయింది,” కంపెనీ మనిషి సంబరంగా తెర చూపించాడు. “ఆవిడ ఫోనెత్తారు. నలభై సెకన్లు, పూర్తిగా విన్నారు.”

“భేష్! ఇదే ఖాయం,” అన్నాడు చిన్న లాయరు.

గుమాస్తా కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. జేబులో ఫోను మోగింది. చాలాసేపు మోగనిచ్చి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“పెద్దోడా, తమ్ముడు పోయాడటరా?”