మెల్లగా లేచే డిస్కు

ఆ ఉదయం కంప్యూటర్ సగం లేచి చతికిలబడింది.

లైబ్రరీలోని ఆ గదికి వచ్చేవాళ్ళంతా చూపు లేనివాళ్ళు. ఆ కంప్యూటర్లో దాచిన పుస్తకాలు వినడానికే వస్తారు.

"ఏరా, ఇంకెంతసేపు? మిగిలింది ఒక్క అధ్యాయమే కదా!" దాన్ని బాగుచేస్తున్న టెక్నీషియన్‌ను ముందు కుర్చీలోంచి అతని తల్లి అడిగింది.

చూపు పోయాక ఆమెకు లోకమంతా ఆ పుస్తకాలు చదివే గొంతే. ఎవరిదో తెలియదు. "ఆ మహానుభావుడు ఎదురైతే చేతులు కళ్ళకద్దుకుంటా" అంటూ ఉండేది.

"వస్తుందమ్మా. పుస్తకాలున్న డిస్కు ముసలిది. అది లేచేలోపే, కంప్యూటర్ను నడిపే లైనక్సు చూసి చూసి, లేదనుకుని ఆగిపోతోంది."

అంతలో మెడకు మఫ్లర్ చుట్టుకున్న మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.

"నే... నే... నేను..." గొంతు బొంగురుగా ఉంది. "ఇ... ఇ... ఇవాళ..."

"ఇ... ఇ... ఇంజను స్టార్టవట్లేదా మాస్టారూ? తో... తో... తోయమంటారా?" టెక్నీషియన్ వెక్కిరించాడు.

గది గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది తల్లి.

"పొట్ట చెక్కలయ్యేట్టుందిరా! ఇంకోసారి అను!"

అన్నాడు.

మఫ్లర్ మనిషి మళ్ళీ నోరు తెరిచాడు. మాట రాలేదు. మెట్లు దిగి, కదులుతున్న బస్సెక్కేశాడు.

టెక్నీషియన్ డిస్కు మీద చెయ్యి వేశాడు. లోపల ఏదో మెల్లగా తిరగడం వేళ్ళకు తెలిసింది.

"పాపం, ఇది చెడిపోలేదమ్మా. కాస్త టైమిస్తే చాలు."

అది లేచేదాకా ఓపిక పట్టమని సిస్టమ్‌లో రాసిపెట్టాడు.

ఈసారి కంప్యూటర్ నిలబడింది. స్పీకర్లోంచి నిన్నటి అధ్యాయం చదువుతూ ఆ గొంతు ఎక్కడా తడబడకుండా సాగింది. తల్లి చేతులు జోడించింది.

లైబ్రేరియన్ పరుగున వచ్చింది.

"బాగైందా? హమ్మయ్య! ఆయనేరీ?"

"ఎవరు మేడం?"

"ఆసుపత్రికి వెళ్తూ ఆఖరి అధ్యాయం రికార్డు చేసి పోతానన్నారు. రేపు గొంతు తీసేస్తున్నారట. ఉన్న గొంతుతోనే పూర్తి చేస్తానని పట్టుబట్టారు. మఫ్లర్ చుట్టుకుని వస్తారు, రాలేదా?"

టెక్నీషియన్ చెయ్యి డిస్కు మీదే ఉండిపోయింది. తల్లి జోడించిన చేతులు దించలేదు.

"మాట్లాడితే నత్తే గానీ," అంది లైబ్రేరియన్ స్పీకర్ వైపు చూస్తూ, "పుస్తకం చేతికిస్తే మాత్రం... ఇదుగో, వింటున్నారుగా."