మహారాణి మాత్ర

ఆ ఉదయం కొలీన్ గది గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అత్తయ్యా, ఇవాళ్టి నుంచి మీ మాత్ర ఆర్వో ఇస్తాడు," అంది. లోపలికి అడుగు పెట్టకుండానే వెళ్లిపోయింది.

మంచం మీద కాఫీ తాగుతున్న ఇర్యా కప్పు పక్కన పెట్టేసింది. రక్తంలో క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి ఆమెకు మాత్ర అందిస్తున్నది కోడలే. డెబ్భై దాటిన ఇర్యా వేళ్లు కీళ్లవాతంతో వంకర్లు పోయాయి. సీసా మూత తీయడం ఆమె వల్ల కాదు.

ఆ మాత్రకున్న మడి అంతా ఇంతా కాదు. ఇచ్చేవాళ్లు దాన్ని ఉత్త చేత్తో తాకకూడదు. చేతొడుగులు వేసుకుని, సీసా మూతలోకి ఒంపి, అక్కణ్ణుంచే నోట్లో వెయ్యాలి. విరవకూడదు, నూరకూడదు, నమలకూడదు. మిగతా మందులతో కలపకూడదు. వేసుకున్న మనిషి బట్టలు వేరుగా ఉతకాలి. టాయిలెట్‌కి వెళ్లొస్తే మూత వేసి రెండేసి సార్లు నీళ్లు వదలాలి.

థండర్ బే పట్నంలోని మందుల షాపులో ఈ జాగ్రత్తలన్నీ వింటూ ఇర్యా నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పుడే దానికి మహారాణి అని పేరు పెట్టింది. మహారాణి లేచిందా అని ఆవిడ అడగడం, సింహాసనం మీద ఉందంటూ కొలీన్ మూత అందించడం, పొద్దున్నే అత్తాకోడళ్లకు అదో ఆట.

ఇప్పుడు సీసా పట్టుకుని కొడుకు ఆర్వో వచ్చాడు. కలప లారీ నడిపే మనిషి, చేతులు చేటలంత. ఒక చేతొడుగు వేసుకుంటుండగానే చిరిగింది. రెండోది వేళ్ల దగ్గరే ఆగింది. మూడోదానితో ఎలాగో సీసా తెరిచాడు గానీ, మాత్ర మూతలోంచి ఎగిరి మంచం కిందికి దొర్లింది. అతను కుక్కని తరిమి తలుపేసి, బోర్లా పడుకుని, టార్చిలైటుతో వెతికాడు. వెతుకుతూ ఈల వేశాడు. దొరికిన మాత్రను షాపులో తిరిగి ఇచ్చెయ్యాలని ఓ సంచిలో వేసి, కొత్తది ఒంపుతూ తనలో తనే నవ్వుకున్నాడు.

"తల్లికి జబ్బయితే నీకు పెళ్లికళ వచ్చిందేంట్రా?" అంది ఇర్యా.

"ఊరికేనమ్మా," అని ఇంకాస్త నవ్వాడు.

ఆ రోజు నుంచి ఇర్యా దుప్పట్లు ఉతికింది కూడా ఆర్వోయే. ఆ పనికి కూడా ఈలే. కొలీన్ అయితే ఇర్యా వాడే బాత్రూం వైపే రావడం మానేసి, కింది అంతస్తులో ఉన్నదానికి వెళ్తోంది. కోడలికి తనంటే రోత పుట్టిందని ఇర్యా తేల్చేసుకుంది. పుట్టింది సరే, మొగుణ్ణి చాకలివాణ్ణి చేసింది, వాడు దానికే మురిసిపోతున్నాడు. ఆవిడ కోపానికి మాటలు వెతుక్కోవలసిన అవసరం ఎప్పుడూ లేదు. కొలీన్ వినేట్టుగా కుక్కతో మాట్లాడటం మొదలుపెట్టింది. నువ్వు కూడా నన్ను ముట్టుకోకురా నాయనా, నీ బొచ్చు ఊడిపోతుంది అంటూ.

కొలీన్ ఆ మాటలకు నొచ్చుకోవలసింది. కానీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది. నవ్వు ఆపుకుంటోందని ఇర్యాకు తెలుస్తూనే ఉంది.

ఇక కూతురే దిక్కనుకుని సేయాకు ఫోన్ చేసింది. సేయా ఊళ్లోనే ఉంటుంది. యాలకుల రొట్టె చేసుకుని వచ్చింది. పాపం, ఇంతకు ముందు కొలీన్ ఊళ్లో లేనప్పుడు మాత్ర ఇచ్చింది ఆమే. ఈసారి సీసా చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"అన్నయ్య రానీ అమ్మా," అంది. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత వంటింట్లో వదినామరదళ్లు గుసగుసలాడుకోవడం, కిసుక్కున నవ్వడం వినిపించింది. ఇర్యా కర్ర తాటించుకుంటూ వెళ్లేసరికి ఇద్దరూ రొట్టె మీద పడ్డారు. మర్నాటికల్లా సేయా మొగుడు మార్సెల్ కూడా చేతొడుగుల పెట్టె పట్టుకుని దిగాడు. మూతలోకి ఒంపడంలో తనకే నేర్పు ఉందని అతనూ, తనకే అలవాటైందని ఆర్వో వాదులాడుకున్నారు. ఇద్దరి మొహాలూ లాటరీ తగిలినట్టున్నాయి. ఇంటిల్లిపాదికీ పిచ్చి పట్టిందా, లేక తనకే పట్టిందా అని ఇర్యాకు సందేహం వచ్చింది.

ఆదివారం అందరూ బల్ల చుట్టూ చేరారు. ఆర్వో మూత తెచ్చాడు. ఇర్యా పెదవులు బిగించి తల పక్కకు తిప్పుకుంది.

"అమ్మా, తియ్యి నోరు."

"తియ్యను. నా కోడలు ముట్టుకోని విషం, నా కూతురు ముట్టుకోని విషం, నా కడుపులోకి మాత్రం ఎందుకు? ఇక నేను మింగను."

ఆర్వో మొహంలో నవ్వు మొదటిసారి మాయమైంది. రక్తంలో జబ్బు అణిగింది ఈ మాత్రతోనే. మానితే మళ్లీ తిరగబెడుతుందని డాక్టర్ చెప్పిన మాట అందరికీ గుర్తుంది. ఇర్యాకూ గుర్తుంది. అయినా పెదవులు విప్పలేదు. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి కొలీన్ తట్టుకోలేకపోయింది.

"చెప్పెయ్ ఆర్వో. మూడో నెల దాకా ఆగలేను," అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

"నువ్వు చెప్పకపోతే నేను చెప్పేస్తా అన్నయ్యా," అంది సేయా.

ఆర్వో తల్లి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, ఈ మాత్రని కడుపుతో ఉన్నవాళ్లు ముట్టుకోకూడదట, మనింట్లో ఇప్పుడు ఇద్దరున్నారు."