కాపలా చెయ్యి

తమ్ముడూ, ఈ కార్డు నర్సమ్మ చేత రాయిస్తున్నాను. నాకు మతి పోయిందని నా కూతురు నన్ను పిచ్చాసుపత్రికి పంపబోయింది. నా గదిలో అప్పుడే తన కుట్టుమిషను పెట్టేసింది.

"మతి పోలేదు బామ్మగారూ. మూత్రంలో ఇన్ఫెక్షన్. ఈ వయసులో అదే తికమక పెడుతుంది," అంది డాక్టరమ్మ.

"క్రిమి రాకుండా ఒంటి లోపల కాపలా లేదా తల్లీ?"

"ఉంది. మూత్రసంచి గోడకు పెంకుల్లా పరుచుకున్న ప్రోటీన్లే కాపలా. ఆ కాపలా చెయ్యి పట్టుకునే లోపలికి రావడం క్రిమి తరతరాలుగా నేర్చుకుంది."

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు!" అని నవ్వాను.

డాక్టరమ్మ నా కూతురి వైపు తిరిగింది. "పోయిన నెలే ఈ మాట చెప్పి మందులిచ్చాను కదా, వేయలేదా?"

అంతదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చున్న కూతురు మెల్లగా వదిలేసింది.

వచ్చి నన్ను తీసుకుపో తమ్ముడూ. చెయ్యి మాత్రం పట్టుకోకు. నడవగలను.