వంకర కాలు

దొరగారి ఎముకలున్న తోలు సంచిని ఓదెలిన్ దొరసాని చర్చి మెట్ల మీదే విప్పింది.

"ఇక్కడెందుకమ్మా? లోపల సమాధి తవ్వి ఉంచారు" అన్నాడు రెనో. జెరూసలేం కోసం దొర వెంట యుద్ధానికి వెళ్ళి, చివరికి ఆయన్ని సంచిలో మోసుకొచ్చింది అతనే.

ఆమె కాలి ఎముక తీసి వేలితో తడిమింది.

"పెళ్ళయిన మూడోనాడే గుర్రం మీంచి పడ్డాడు. కాలు వంకరగా అతుక్కుంది. ఇది తిన్నగా ఉంది. ఎవరిది, రెనో?"

రెనో మెట్టు మీద కూలబడ్డాడు. "జ్వరాలతో ఒక్కరోజే ముగ్గురు దొరలు పోయారమ్మా. శవాలు ఇంటిదాకా ఆగవు కదా. ఒకే కాగులో, ఒకరి తర్వాత ఒకర్ని ద్రాక్షసారాలో ఉడికించి ఎముకలు తీశాం. అప్పటికి నాకూ జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. సంచులు తారుమారయ్యాయేమోనని దారంతా ఆ అనుమానమే తినేసింది."

"మిగతా రెండూ?"

"ఏ ఊళ్ళకు చేరాయో తెలీదు."

లోపల అంత్యక్రియల గంట మోగడం మొదలైంది.

"ఆపమని చెప్పనా అమ్మా?"

ఆమె ఎముకను మెల్లగా లోపల పెట్టి సంచి మూతి కట్టింది.

"వద్దు. మా ఆయన కోసం ఈపాటికి ఏ ఇంట్లోనో ఏడ్చే ఉంటారు. వాళ్ళ మనిషి కోసం నేను ఏడవకపోతే ఎలా? అటువైపు పట్టుకో."